మొదటి డ్రమ్ము

నా నోరు మంచిది కాదు. మా అమ్మ అనేది, మా ఆయన ఇప్పటికీ అంటాడు, ఆర్మూర్‌లో నా టైలరింగు షాపుకు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లూ నవ్వుతూనే అంటారు. కుట్టు ఆలస్యమైందని ఎవరైనా గొణిగితే, నీ పెళ్లికి కూడా ఇంత తొందరపడలేదు కదా అంటాను. వాళ్లు నవ్వుతారు, మళ్లీ వస్తారు. ఆ నోటితోనే ఇన్నేళ్లు బతుక్కొచ్చాను. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇప్పుడు షాపులో ఎవరైనా నవ్వించమన్నట్టు నా మొహంలోకి చూస్తే తల వంచుకొని మిషను తొక్కుతున్నాను.

మా ఊరు ఆర్మూర్ నుంచి మాక్లూర్ పోయే దారిలో లోపలికి ఉంటుంది. ఊరంతా పసుపు, మక్కజొన్న. అన్నదమ్ములు లేని దాన్ని కాబట్టి మా ఆయన్ని ఇల్లరికం తెచ్చారు, నేను పుట్టిన ఊళ్లోనే ఉండిపోయాను. పసుపు తవ్వే రోజుల్లో షాపుకు తాళం వేసి చేనులో దిగుతాను. మా పక్కింట్లో ఉండేది మా చిన్నాన్న కొడుకు, నాకు అన్న. ఆయన భార్య నా వదిన. ఇదంతా ఆమె పేరు పోయిన సంగతి. పోగొట్టింది నా మాట.

ఆమె కొత్త కోడలై గడప ముందు నిలబడ్డ రోజున అడ్డంగా చెయ్యి పెట్టి, మొగుని పేరు చెప్తేనే లోపలికి అన్నది నేనే. ఆడబిడ్డ చేయాల్సిన పని అది. ఎండ మాడుతోంది, తలంబ్రాల బియ్యం ఇంకా ఆమె జుట్టులోనే ఉన్నాయి. నేను కదలలేదు. చివరికి గట్టిగా పేరు చెప్పి, లోపలికి వస్తూ నా చెవి దగ్గర, నీ పెళ్లిలో నీ పని చెప్తాను చూడు అంది. చెప్పింది కూడా. ఆ రోజు మొదలు మేమిద్దరం ఒకరినొకరు తిట్టుకోని పూట లేదు. నా కూర గొడ్లు తినవని ఆమె, నీ చేతి చాయ తాగి మా అన్న చిక్కిపోయాడని నేను. మా ఊళ్లో వదినా ఆడబిడ్డలు అలాగే ఉంటారు. వాళ్లు ఎప్పుడైనా మర్యాదగా మాట్లాడుకుంటే ఇంట్లో ఏదో జరిగిందని అనుమానపడతారు.

మా ఆడవాళ్ల సంఘానికి పసుపు ఉడికించే బాయిలర్ ఒకటి ఉంది. ట్యాంకులో నీళ్లు మరిగి, ఆవిరి గొట్టాల గుండా పక్కనున్న డ్రమ్ముల్లోకి పోతుంది, ఆ డ్రమ్ముల్లో తవ్వితెచ్చిన పచ్చి పసుపు ఉంటుంది. ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది సంఘం లీడరైన మా వదిన. ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఏడాదంతా షెడ్డులో మూలన పడి ఉన్న బాయిలర్ మొదటి రోజు ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. ఏ గొట్టం కారుతుందో, ఆవిరి ఎంత వస్తుందో చూసుకునేలోపు మొదటి డ్రమ్ములో పసుపు ఎక్కువైనా ఉడుకుతుంది, తక్కువైనా ఉడుకుతుంది. ఎక్కువైతే రంగు పోతుంది, తక్కువైతే ఎండాక కొమ్ము పొడిపొడిగా విరిగిపోతుంది. దాన్ని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకుపోతే చేతిలోకి తీసుకొని చూసి పక్కన పడేస్తారు. ఆ మొదటి డ్రమ్ము ప్రతి ఏడూ మా వదినదే. ఎవరూ ఆమెను అడగలేదు. లీడర్‌ని కాబట్టి పోతే నాదే పోవాలి అనుకుంది, అంతే. ఊళ్లో ప్రతి ఆడమనిషికీ ఈ సంగతి తెలుసు.

పోయిన పంటకు, ఉడకబెట్టడం మొదలైన రోజున, అందరం బాయిలర్ చుట్టూ ఉన్నాం. వదిన తన డ్రమ్ము మూత తీస్తే ఆవిరి మొహాన కొట్టింది, దగ్గుతూ వెనక్కి పడబోయింది. నాకు నవ్వాగలేదు. నా ఫోను పక్కనున్న ఒకామె చేతికిచ్చి వీడియో తీయమన్నాను. బాయిలర్ ముందు నిలబడి, మీటింగులో మాట్లాడేవాళ్లలా చెయ్యి ఊపుతూ మొదలుపెట్టాను.

“గీమె మా వదిన. మస్తు దొంగది. ముందుగాల తన పసుపు ఉడకవెట్టుకున్నంకనే మన దిక్కు జూస్తది. రేపు గీమెను సర్పంచ్ జేసిండ్రనుకో, ఊరు ఊరునే గీ డ్రమ్ముల ఏసి ఉడకవెడ్తది.”

వెంటనే వదిన చేతిలో ఉన్న కట్టె నా మీదికి ఎత్తి, “ఉడకవెడ్త. ముందుగాల నిన్నే ఏస్త, నీ నోరు మెత్తవడాలె” అంది. చుట్టూ ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకొని నవ్వారు. తర్వాత మేమిద్దరం ఒకరినొకరు తోసుకోవడం, ఎవరో పాట అందుకోవడం, అదంతా వీడియోలో ఉంది. నేనే దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వదిన కూడా తన స్టేటస్‌లో పెట్టుకుంది. చుట్టాలు ఫోన్లు చేసి నవ్వారు.

ఆ చలికాలం పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది. వదినను నిలబడమని అందరూ పట్టుకున్నారు. అందరికంటే ఎక్కువగా పట్టుకున్నది నేను. ఆమెకు ఒకటే కోరిక, పసుపు ఆరబెట్టుకోవడానికి ఒక గచ్చు కల్లం. మా ఊళ్లో ఆడవాళ్లు ఉడికిన పసుపును తారురోడ్డు మీద పోసి, లారీ వచ్చినప్పుడల్లా పరుగెత్తి అంచులు నెట్టుకోవాలి. కానీ భయపడింది. ఓడిపోతానని కాదు. గెలుపు ఓటములు ఎవరికైనా ఉంటాయి, ఊళ్లో ఎవరూ నన్ను వేలెత్తి చూపకుండా బయటపడితే చాలు అంది. నిన్ను వేలెత్తి చూపేవాడు ఇంకా పుట్టలేదు అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

నామినేషన్లు అయిపోయి ఇంటింటికీ తిరుగుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం షాపుకు కొత్తామె వచ్చింది. మెండోర నుంచి చుట్టాలింటికి వచ్చిందట. కొలతలు ఇస్తూ ఇస్తూ నా మొహం తేరిపార చూసి, బాయిలర్ వీడియోలో ఉన్నది మీరే కదా అంది. ఔనన్నాను, నవ్వుతూనే. ఆ పాత వీడియో ఇంకా తిరుగుతోందా అనుకున్నాను. ఆమె ఫోను తీసి చూపించింది.

మొదట వచ్చింది నా మొహం. చెయ్యి ఊపుతున్నాను. “మస్తు దొంగది” అంటున్నాను. వెనక సినిమాల్లో ఎవరో చచ్చిపోయినప్పుడు వేసే మ్యూజిక్ పెట్టారు. “ఊరు ఊరునే ఉడకవెడ్తది” దగ్గర బొమ్మ ఆగిపోయి, నల్లగా మారి, సొంత ఆడబిడ్డే బయటపెట్టిన బాగోతం అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. కట్టె ఎత్తిన వదిన లేదు. నవ్వులు లేవు. పాట లేదు.

ఇక్కడ ఒక మాట రాయాలి, రాయడానికే సిగ్గుగా ఉంది. ఆ మాటలన్నది నేను, ఎందుకన్నానో తెలిసినదాన్ని నేను. అయినా ఆ మ్యూజిక్‌తో, ఆ ఎర్రటి అక్షరాలతో చూస్తుంటే, ఒక్క క్షణం, నిజంగానే మనసులో ఏదో పెట్టుకొని అన్నానా అనిపించింది. నా మాటను నేనే నమ్మాను. నేనే నమ్మితే ఊళ్లోవాళ్లను ఏమనగలను.

ఆ మెండోర ఆమె ఫోను లోపల పెట్టుకుంటూ, మీ ధైర్యానికి మెచ్చుకోవాలి, సొంతవాళ్లని కూడా చూడకుండా నిజం చెప్పారు, ఇట్లాంటి ఆడవాళ్లు ఊరికి ఒకరుండాలి అంది. నేను ఆమె భుజం మీద టేపు పెట్టి ఉన్నాను. అది ఎగతాళమ్మా, ఆమె మా వదిన, మా మధ్య అలాగే ఉంటుంది అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను చిన్నగా నవ్వి, చెయ్యి పొడుగు ఎంత పెట్టమంటారు అని అడిగాను. ఎవరో తెలియని మనిషి నన్ను ధైర్యవంతురాలు అంటే నాకు బాగుంది. అంతకంటే వేరే కారణం లేదు. సిగ్గులేని మొహం నాది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా వదిన ఇంటికే పోయాను. ఆమె పప్పు పోపు పెడుతోంది. వీడియో ఆమె కూడా చూసింది. నా మొహం చూసి నవ్వింది. నువ్వు తిట్టకపోతే కదా నేను ఫికర్ పడాల్సింది, మన ఊరోళ్లకు తెల్వదా అంది. పళ్లెం ముందుకు తోసి తినమంది. నేను తిన్నాను. మన ఊరివాళ్లకు తెలియదా అన్న మాట నాకూ ధైర్యమే ఇచ్చింది.

ఊరివాళ్లకు తెలుసు. అదే కదా బాధ. మరుసటి రోజు బోరింగు దగ్గర ఒకామె నన్ను పక్కకు పిలిచి, బాయిలర్ సంగతి నిజమేనా అని గుసగుసగా అడిగింది. ఆ రోజు నా ఫోనుతో వీడియో తీసింది ఈమే. నవ్వు ఆపుకోలేక ఫోను ఊగిపోయింది కూడా ఈమె చేతిలోనే.

“నువ్వే గదనే తీసినవ్” అన్నాను.

“తీసిన. కని గప్పుడు గిట్ల వినవడలే” అంది.

ఆమె అబద్ధమాడలేదు, అమాయకంగానే అంది. వదిన మొదటి డ్రమ్ములో ఎన్ని ఏళ్లు పసుపు పోగొట్టుకుందో ఈమెకు నాకంటే బాగా తెలుసు. పాడైన కొమ్ములు ఏరడానికి వదిన దగ్గరికి కూలికి పోయేది కూడా. అయినా కళ్లతో చూసినదానికంటే ఫోనులో చూసినదే ఆమెకు గట్టిగా కనబడింది. అట్లాంటివాళ్లు ఆమె ఒక్కతే కాదు. ఎవరి ఇంటి ముందు ఆగినా, ఏముందో మనకేం తెలుసు, నిప్పు లేకుండా పొగ వస్తుందా అన్నట్టు మాట్లాడారు.

నా దగ్గర పూర్తి వీడియో ఉంది కదా అని గ్రూపులో మళ్లీ పెట్టాను. కింద పెద్దగా రాశాను, చివరిదాకా చూడండి అని. చూశారా అని కనబడ్డవాళ్లనల్లా అడిగాను. పెద్దగుంది, మొదట్ల చూసిన అన్నారు. మొదట్లో ఉన్నది నేను ఆమెను దొంగ అన్న ముక్కే. దాన్నే మళ్లీ ఇంకోసారి ఊరందరికీ నా చేతులతోనే పంచిపెట్టాను.

తర్వాత ఊరి కమిటీ పిలిచింది. మా దిక్కు ఊళ్లలో పెద్దమనుషుల కమిటీ మాటంటే మాటే. గుడిసెకు నిప్పంటుకున్నా, గట్టు తగాదా అయినా వాళ్ల దగ్గరే తేలాలి. కమిటీ బిల్డింగు ముందు కుర్చీలేసుకొని కూర్చున్నారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక పెద్దాయన తల ఊపి, మాకు తెల్వదా బిడ్డా, మీ వదినాడబిడ్డల ముచ్చట ఎవరికి తెల్వదు, కానీ వీడియోకు వీడియోతోనే జవాబు చెప్పాలె అన్నాడు. అందరూ అదే అన్నారు. నాకూ సబబే అనిపించింది.

నన్నూ వదిననూ పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెట్టారు. నవ్వొద్దు, ఎగతాళి వద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నారు. నాకు నవ్వకుండా మాట్లాడటం చేతకాదు. పుట్టినప్పటి నుంచి నేర్చుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని, ఎదుట ఫోను పట్టుకున్న అతని వైపు చూస్తూ, మా వదిన మంచిది, ఆమె ఎవరి సొమ్మూ తినలేదు, నేను ఊరికే అన్నాను అన్నాను. మధ్యలో ఆగి కమిటీవాళ్ల వైపు చూశాను, సరిగ్గా చెప్తున్నానా అని. వదిన నేల చూస్తూ కూర్చుంది. అన్నేళ్లలో మేమిద్దరం అంత దూరంగా కూర్చున్నది అదే మొదలు.

ఆ వీడియో బయటికి పోయిన పూటే నా రాత తేలిపోయింది. భయపెట్టి చెప్పించారు, చూడు కమిటీవాళ్ల దిక్కు ఎట్లా చూస్తోందో, పాపం అని రాశారు. నా మొహం దగ్గర ఎర్రటి గుండ్రం గీసి మరీ పంపారు. ఆర్మూర్ చౌరస్తాలో ఆటోవాళ్లు కూడా నన్ను జాలిగా చూడటం మొదలుపెట్టారు. ఒకాయన చిల్లర ఇస్తూ, భయపడకు అక్కా, మేమున్నం అన్నాడు. నవ్వుతూ అన్నది నిజమైంది, నిజంగా అన్నది అబద్ధమైంది. ఇంక దేంతో మాట్లాడాలి నేను.

ఎవరు కత్తిరించారో ఇప్పటికీ తెలియదు. ఎదుటి పక్షంవాళ్లా, ఇంకెవరో పనిలేనివాళ్లా, అడిగితే ఎవరికి వాళ్లు మాకు ఎక్కడి నుంచో వచ్చింది అన్నారు. మొదట్లో వాళ్లను తిట్టుకుంటూ తిరిగాను. తర్వాత ఆ తిట్లు కూడా పల్చబడ్డాయి. కత్తిరించింది ఒక్కడే. వాణ్ని ఎంతని తిట్టేది? నమ్మింది ఊరు ఊరంతా, అందులో నేను కూడా ఉన్నాను.

వదిన ఓడిపోయింది. ఓట్లు లెక్కపెట్టేచోట నేను గోడ వెనక నిలబడ్డాను, ఎదురుపడటానికి మొహం చెల్లక. ఆమె బయటికి వచ్చి, గెలిచినామె చేతులు పట్టుకొని కల్లం సంగతి మర్చిపోకండి అని చెప్పి, ఇంటికి నడిచింది. మరుసటి రోజు బాయిలర్ షెడ్డు తాళంచెవి తీసుకుపోయి కమిటీ పెద్దాయన చేతిలో పెట్టిందట. వంతులు ఇకమీద మీరే చూసుకోండి, నా చేతులమీదుగా వద్దు అందట. మా ఆయన వచ్చి చెప్పాడు. నేను కోపంతో ఆమె ఇంటికి పోయాను, ఎందుకు ఇచ్చావని అడగడానికి. వాకిట్లో చీపురు పట్టుకొని ఉంది.

“రాండ్రి. కూసోండ్రి” అంది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వాకిట్లోకి ఇంకెవరైనా వచ్చారేమోనని వెనక్కి తిరిగి కూడా చూశాను. ఎవరూ లేరు. ఏమే, ఓసి, నీ నోరు కాల అని తప్ప నన్ను ఎప్పుడూ పిలవని మనిషి నాకు మర్యాద ఇస్తోంది. కోపంతో అయితే కాదు, నేను ఆమె కళ్లు చూశాను కదా. జాగ్రత్తగా మాట్లాడుతోంది, అంతే. చాయ పెట్టి గ్లాసు రెండు చేతులతో ఇచ్చింది. ఆ చాయ గురించి ఒక్క తిట్టు కూడా నా నోట రాలేదు. మంచిగుంది అన్నాను. నిజంగానే బాగుంది, అది చెప్పినందుకు మాత్రం ఆ రోజంతా తల ఎత్తుకోలేకపోయాను.

ఈ ఏడు పసుపు తవ్వకం మొదలైంది. వంతుల కోసం కమిటీవాళ్లు చిట్టీలు వేశారు, ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండా. మొదటి వంతు ఎవరికి వచ్చిందో ఆమె, మా పసుపు ఇంకా తవ్వడం అయిపోలేదు, తర్వాతివాళ్లను కానియ్యండి అంది. తర్వాతి ఆమెకు చుట్టాలింట్లో ఫంక్షను పడింది. ఇంకొకరికి ట్రాక్టరు దొరకలేదు. బాయిలర్ పెట్టి, ట్యాంకులో నీళ్లు పోసి, కట్టెలు పేర్చి ఉంచారు, అది అలాగే నిలబడి ఉంది. ముందుగాల తన పసుపే ఉడకబెట్టుకుంటుందని తిట్టినవాళ్లలో ఒక్కరూ ముందు రారు. నాకు నవ్వు రావాలి కదా. రాలేదు.

మా ఆయనకు చెప్పి మా పసుపు తోలించాను. నీకు పిచ్చి పట్టిందా అన్నాడు, పోయేది మన సొమ్మే కదా అన్నాడు. పోనీ అన్నాను. గంపలతో డ్రమ్ము నింపాం. మంట పెట్టారు. ఇదివరకు వదిన ఆవిరి వాసన చూసి, పొగ రంగు చూసి, ఇంక తీయండే అని చెప్పేది. నాకు అదంతా రాదు. ఫోను చేతిలో పట్టుకొని ఎంతసేపైందో చూసుకుంటూ నిలబడ్డాను. గొట్టం దగ్గర ఎక్కడో ఆవిరి కారుతోంది. డ్రమ్ములో ఏం జరుగుతోందో తెలియడం లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గంపలు ఎత్తుతున్నారు, దించుతున్నారు, ఒక్కరూ పాట ఎత్తడం లేదు.

అప్పుడు వదిన ఆ దారినే చేనుకు పోతూ కనిపించింది. తలమీద సద్ది గిన్నె. మా వైపు చూడకుండానే దాటిపోయింది. దాటిపోయి, కొంచెం దూరంలో ఆగింది. వాసన పట్టిందని నాకు తెలిసిపోయింది. పసుపు పాడవుతుంటే చూస్తూ పోలేదు ఆ మనిషి. వెనక్కి వచ్చింది, గిన్నె గట్టు మీద పెట్టింది, కట్టెతో మూత పక్కకు నెట్టి, ఒక కొమ్ము తీసి వేళ్లతో నొక్కి చూసింది.

“తీయుండ్రి. ఇంకా ఉంచితే రంగు పోతది” అంది.

గబగబా దించాం. కుప్ప పోసిన పసుపు మెరుస్తోంది. మొదటి డ్రమ్ము అంత బాగా రావడం ఇన్నేళ్లలో నేను చూడలేదు. సంతోషం పట్టలేకపోయాను. ఇన్ని నెలలు నోట్లో కుక్కి పెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టి, మునుపటిలాగే గట్టిగా, “ఏం వదినా, నాది సుత ఎత్కపోతందుకు వచ్చినవా, దొంగ మొకందానా” అన్నాను.

చుట్టూ అందరూ ఆగిపోయారు. నేను ఆమె చేతిలోని కట్టె వైపు చూస్తున్నాను. ఎత్తుతుందని, నీ నోరు మెత్తవడాలె అంటుందని. ఆమె పెదవి కొంచెం కదిలింది. అనబోయింది. అది నేను చూశాను, ఎవరు కాదన్నా నమ్మను.

కానీ ముందుగా చుట్టూ చూసింది. ఒక్కొక్కరి చేతుల వైపు చూసుకుంటూ వచ్చింది. అందరి చేతులకూ పసుపు, గంపలు. ఆ చూపు వచ్చి వచ్చి నా చేతి దగ్గర ఆగింది. అక్కడ ఉన్న ఒకే ఒక్క ఫోను నాదే.

“లేదమ్మా. నేను చేనుకు వోతున్న. మీ పసుపు మీరు సూస్కోండ్రి” అంది. కట్టెను బాయిలర్‌కు ఆనించి, సద్ది గిన్నె తలమీద పెట్టుకొని పోయింది.